రాయని లైన్లు

బైండ్ వెర్షన్ మార్చుకోవడం మీద తెలుగులో ఇంత లావు పుస్తకం ఎందుకమ్మా అని ఈ రచయిత్రిని మొట్టమొదట అడిగినవాణ్ణి నేనే. డీఎన్‌ఎస్ సర్వర్‌కి కొత్త వెర్షన్ వేయడమంటే ప్యాకేజీ దించుకుని, సర్వీసు ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టడమేగా అన్నది మన రంగంలో చాలామంది ధోరణి. "అంతటితో అయిపోయేదైతే అన్నేళ్ళు నన్ను ఆదివారాలు ఆఫీసుకి ఎందుకు రప్పించారు సార్?" అని ఎదురడిగింది. నా దగ్గర జవాబు లేదు. రాతప్రతి చదివాక అడగాల్సిన అవసరమూ కనబడలేదు. ఇన్‌స్టాల్ చేసే విధానానికి ఇందులో రెండు మూడు పేజీలకు మించి దక్కలేదు. తక్కిన పుస్తకమంతా ఇన్‌స్టాల్ సవ్యంగా పూర్తయిన క్షణం నుంచి మొదలవుతుంది.

మొత్తం పుస్తకానికి ఒకటే పట్టు. కాన్ఫిగరేషన్ ఫైల్లో మనం రాసిన లైన్లు మన కళ్ళముందే ఉంటాయి, వాటిని ఎవరైనా సరిచూసుకుంటారు. వెర్షన్ మారినప్పుడు ముందుగా మారేవి మనం రాయని లైన్లు. రాయని చోటల్లా సాఫ్ట్‌వేర్ తన సొంత విలువ వేసుకుంటుంది, దాన్నే డిఫాల్టు అంటున్నాం. ‘మా సర్వర్ పదేళ్ళుగా చెక్కుచెదరలేదు’ అని చెప్పుకునేవాళ్ళ గొప్పలో పెద్ద వాటా ఆ డిఫాల్టులదే. వాటిని బైండ్ తయారుచేసే ఐఎస్‌సీ వాళ్ళు మార్చేశారనుకోండి, మన ఫైల్లో ఒక్క అక్షరం కదలకుండానే మన సర్వర్ వేరే సర్వర్ అయి కూర్చుంటుంది. విడుదల పత్రాలు చదివేటప్పుడు ‘ఇందులో కొత్తగా ఏమొచ్చింది’ అని కాకుండా ‘నేను రాయకుండా వదిలేసినవాటిలో ఏది మారింది’ అని చదవమంటుంది ఈ అమ్మాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ పని ఇంత సూటిగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

కొత్తగా ఈ దారికొచ్చేవాళ్ళ కోసం కాస్త వెనక కథ. ఇంటర్నెట్ పసితనంలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒక్క హోస్ట్స్ ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ నుంచి అందరూ దాన్ని దించుకునేవారు. 1983లో పాల్ మొకపెట్రిస్ దానికి బదులుగా డీఎన్‌ఎస్‌ని రూపొందించాడు. 1987 నవంబరులో 1034, 1035 నంబర్ల ఆర్‌ఎఫ్‌సీలతో అది స్థిరపడింది. ఆ నమూనాకి బర్కిలీ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు యూనిక్స్ మీద రాసిన ప్రోగ్రామే బైండ్. ఎనిమిదో బైండ్ 1997లో, తొమ్మిదోది 2000లో వచ్చాయి. 2013లో పదోది కూడా వచ్చింది గానీ మరుసటి ఏడాదే ఐఎస్‌సీ దాన్ని చేతులారా వదిలేసుకుంది. అందుకని పాతికేళ్ళుగా మనమంతా తొమ్మిదిలోనే ఉన్నాం. చుక్క తర్వాతి అంకెలోనే ఉంది అసలు సంగతంతా. ఇప్పటి పద్ధతిలో 9.16, 9.18, 9.20 లాంటి సరిసంఖ్యలు వాడకానికి, బేసిసంఖ్యలు ప్రయోగాలకి. తొమ్మిది నుంచి తొమ్మిదికేగా, దానికి రెండు రాత్రుల చేంజ్ విండో ఎందుకని మేనేజర్లు పెదవి విరవడానికి ఈ నంబర్లే కారణమని నా అనుమానం.

రాయని లైన్ దెబ్బ ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూసింది 9.4 రోజుల్లో. అడిగినవాడి తరఫున రూట్ సర్వర్ల దాకా వెళ్ళి జవాబు పట్టుకొచ్చే పనిని రికర్షన్ అంటారు. ఎవరికి చేసిపెట్టాలో ‘అలౌ-రికర్షన్’ అన్న ఆప్షన్‌తో చెప్పాలి. అంతకుముందు ఆ లైన్ రాయకపోతే బైండ్ ప్రపంచంలో ఎవరడిగినా చేసిపెట్టేది. అలా తలుపులు తెరిచిన సర్వర్లని పావులుగా చేసుకుని మూడో మనిషి మీదకి ట్రాఫిక్ కుమ్మరించే దాడులు పెరగడంతో 2007లో 9.4 తరంలో డిఫాల్టు మారింది. ఆ లైన్ లేకపోతే ఇకనుంచి సర్వర్‌కీ, దానికి నేరుగా తగిలివున్న నెట్‌వర్క్‌లకీ మాత్రమే రికర్షన్.

ఒక సంస్థలో, పేరెందుకులెండి, ఆదివారం వెర్షన్ మార్చారు. సోమవారం పొద్దున్న సర్వర్ ఉన్న మెయిన్ బిల్డింగులో అంతా మామూలే. రౌటర్ దాటి అవతలున్న రెండు బిల్డింగుల్లో మాత్రం ‘నెట్ లేదు’. ఇక్కడ వస్తోందండీ అని వీళ్ళు, ఇక్కడ రావట్లేదండీ అని వాళ్ళు. మధ్యాహ్నం దాకా కేబుళ్ళు పీకి మళ్ళీ గుచ్చారు, రౌటర్ని రీబూట్ చేశారు. చివరికి ఎవరో అవతలి బిల్డింగులో కూర్చుని డిగ్ కొడితే స్టేటస్ అన్న చోట ‘రెఫ్యూజ్‌డ్’ అని, కింద ‘రికర్షన్ అడిగారు గానీ ఇక్కడ అందుబాటులో లేదు’ అన్న హెచ్చరిక కనబడ్డాయి. సర్వర్ బతికే ఉంది, పలుకుతూనే ఉంది, మీకు చెప్పను అంటోంది. అంతే. అలౌ-రికర్షన్‌లో లోపలి నెట్‌వర్క్‌ల వరసలన్నీ రాసి రీలోడ్ చేయగానే తీరిపోయింది. ఈ పుస్తకంలో ఇలాంటి లక్షణాలకి చివర ఒక అకారాది సూచిక ఉంది. లాగ్‌లోనో డిగ్‌లోనో ఏ మాట కనబడితే ఏ పేజీ తిప్పాలో అందులో దొరుకుతుంది. అమెరికా క్లయింట్ల శనివారం రాత్రి మనకి ఆదివారం పొద్దు. ఆ వేళ హైదరాబాద్‌లో ఒంటరిగా కూర్చుని పనిచేసే పిల్లలకి ఆ సూచిక ఒక్కటి చాలు, పుస్తకం డబ్బులు గిట్టుబాటవుతాయి.

రాయనివి అలా మారతాయి సరే, రాసినవాటి సంగతేంటి? పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం దాని గురించే. నాలుగో బైండ్ తన ప్రశ్నలన్నీ 53వ పోర్టు నుంచే పంపేది. 8.1 నుంచి ఆ అలవాటు మారింది, పై పోర్టుల్లో ఏదో ఒకదాన్ని తీసుకోవడం మొదలైంది. 53 ఒక్కటే వదలమని ఫైర్‌వాల్‌లో రాసుకున్నవాళ్ళకి జవాబులు రావడం ఆగిపోయింది. దానికి మందుగా ‘క్వెరీ-సోర్స్’ లైన్‌లో పోర్టు 53 అని కట్టేసుకునే సదుపాయం ఇచ్చారు. డిస్ట్రిబ్యూషన్లతో వచ్చే నమూనా ఫైళ్ళలోనే ఆ లైన్ కామెంటుగా ఉండేది, ఫైర్‌వాల్ అడ్డొస్తే ముందున్న స్లాషులు తీసెయ్యండి అని. చాలామంది తీసేశారు. పని జరిగింది, ఆ లైన్ సంగతి మర్చిపోయారు.

2008 జులై 8న డాన్ కామిన్‌స్కీ కనిపెట్టిన లోపానికి మందుగా పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలన్నీ కూడబలుక్కుని ఒకే రోజు సవరణలు విడుదల చేశాయి. డీఎన్‌ఎస్ ప్రశ్నకి 16 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. 65,536లో సరైనది తగిలితే చాలు, దొంగ జవాబు అసలు జవాబుగా చెల్లిపోతుంది. మందేమిటంటే ప్రశ్న బయలుదేరే పోర్టుని కూడా ప్రతిసారీ ఎటుబడితే అటు మార్చడం. అప్పుడు దొంగ ఊహించాల్సింది వేలరెట్లు పెరుగుతుంది. అందరూ పరుగెత్తి కొత్త వెర్షన్ వేసుకున్నారు. ఎప్పుడో ఫైర్‌వాల్ కోసం స్లాషులు తీసిన ఆ పాత లైన్ మాత్రం ఫైల్లో అలాగే ఉంది. కొత్త బైండ్ దాన్ని శిరసావహించి, బుద్ధిగా ప్రతి ప్రశ్ననీ 53 నుంచే పంపింది. వెర్షన్ నంబర్ చూస్తే క్షేమం, ప్యాకెట్ చూస్తే పాత ప్రమాదం. ఒక వెర్షన్ మార్పుని తప్పించుకోవడానికి రాసిన లైన్ పదేళ్ళ తర్వాతి మార్పు ప్రయోజనాన్ని మింగేసింది. ఈ వరసంతా పక్కపక్కన పెట్టి చూపించడంలోనే రచయిత్రి నేర్పు ఉంది. పోర్టు నిజంగా మారుతోందో లేదో టీసీపీడంప్‌లో చూసుకోమని ఆమె పెట్టిన అభ్యాసం తప్పకుండా చేయండి.

అలాంటిదే ఇంకొకటి. డీఎన్‌ఎస్‌సెక్ వాలిడేషన్‌ని ‘ఎస్’ అని రాసి, రూట్ తాళంచెవిని ‘ట్రస్టెడ్-కీస్’ కింద చేత్తో అతికించుకున్నవాళ్ళు ఉన్నారు. 2018 అక్టోబరు 11న రూట్ కీ మారింది. ‘ఆటో’ అని పెట్టుకున్నవాళ్ళకి కొత్త కీ దానంతటదే చేరింది. 2010 నాటి కీని అతికించుకుని కూర్చున్నవాళ్ళే ఫైలు తెరిచి చేత్తో సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఈ మధ్య మన పిల్లలు ఎక్కువగా తగులుకుంటున్నది 9.11 నుంచి 9.18కి దూకడం దగ్గర. సెంటోస్ 7 మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. దాంతోపాటు వచ్చిన 9.11ని నమ్ముకున్న ఆఫీసులన్నీ ఒక్కసారిగా కదిలాయి. ‘డీఎన్‌ఎస్‌సెక్-ఎనేబుల్ ఎస్’ అన్న లైన్ ఎన్ని ఫైళ్ళలో ఉంటుందో చెప్పలేం. 9.16 దాన్ని చూసి ఒక హెచ్చరిక లాగ్‌లో పడేసి ముందుకెళ్ళేది. 9.18 మాత్రం ఈ ఆప్షన్ ఇప్పుడు లేదు అని చెప్పి అసలు లేవనే లేవదు. దీనికి రచయిత్రి చెప్పే జాగ్రత్త చిన్నదే గానీ చాలామంది తలకిందులుగా చేస్తారు. పాత మిషన్ మీద నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్ కొట్టి, తప్పుల్లేవు అనుకుని ముందుకెళ్తారు. పాత చెకర్‌కి కొత్త నియమాలు ఎలా తెలుస్తాయి? వేరే మిషన్ మీద కొత్త వెర్షన్ వేసి, పాత ఫైళ్ళు అక్కడికి తీసుకెళ్ళి, కొత్త చెకర్‌తో సరిచూడాలి. 9.18లో నేమ్‌డ్‌కి పెద్ద సీ ఆప్షన్ ఇస్తే దాని లోపలి డిఫాల్టులన్నీ తెరమీద పరుస్తుంది. మనం రాయని లైన్లు కళ్ళతో చూడటానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. అచ్చంగా అదే విలువలతో సర్వర్ నడుస్తుందన్న హామీ లేదని మాన్యువల్లోనే ఉంది. ఆ మాట ఈ పుస్తకంలోనూ ఉంది.

అలా మారిన రాయని లైన్ ఇంకొకటి ఉంది. 9.9 నుంచి సెకండరీ సర్వర్లు జోన్ ఫైళ్ళని టెక్స్టుగా కాక రా ఫార్మాట్‌లో దాచుకుంటున్నాయి. వీఐతో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. ఫైలు చెడిపోయిందనుకుని చెరిపేసినవాళ్ళని ఎరుగుదును. నేమ్‌డ్-కంపైల్‌జోన్‌తో టెక్స్టులోకి మార్చి చదువుకోవచ్చు. పుస్తకంలో ఆదేశం ఉంది, ఇక్కడ సాగదీయను.

సీరియల్ నంబర్ల గురించి మాత్రం సాగదీస్తాను, ఎందుకంటే ఈ జబ్బు వెంటనే బయటపడదు. జోన్ మారిన ప్రతిసారీ ఎస్‌ఓఏ రికార్డులో సీరియల్ పెరగాలి. పెరిగితేనే సెకండరీ కొత్త కాపీ తీసుకుంటుంది. చేత్తో రాసేవాళ్ళం సాధారణంగా తేదీని వాడతాం, 2024 మే 12న మొదటి మార్పు అయితే 2024051201. ఇప్పుడు ఆ ఆఫీసు చేతిరాత మానేసి ఒక వెబ్ ప్యానెల్‌కో, డేటాబేస్ మీద నడిచే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కో మారిందనుకోండి. అది సీరియల్‌గా యూనిక్స్ సమయాన్ని వాడేదైతే అదే రోజున వేసే సంఖ్య 1715500000 దగ్గర ఉంటుంది. రెండూ పది అంకెలే, చూపుకి తేడా తెలియదు. కానీ రెండోది చిన్నది. నిన్నటి తేదీ వేసిన పేపర్ని ఎవరు కొంటారు? వచ్చిన సీరియల్ మా దగ్గరున్నదానికంటే తక్కువ అని లాగ్‌లో ఒక లైన్ రాసి సెకండరీ ఊరుకుంటుంది.

మొదట్లో ఎవరికీ ఏమీ తెలియదు. సైటుని కొత్త మిషన్‌కి మారిస్తే ప్రైమరీ కొత్త అడ్రసు చెబుతుంది, సెకండరీ పాతది చెబుతుంది, పాత మిషన్ ఇంకా నడుస్తుంటే రెండూ పనిచేస్తున్నట్టే ఉంటాయి. పాత మిషన్ ఆపేసిన రోజున సగంమందికి సైటు రాదు, అదీ ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా. అదే సమయంలో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య దారి కూడా తెగిందనుకోండి, ఎస్‌ఓఏలోని ఎక్స్‌పైర్ గడువు లెక్కలోకి వస్తుంది. 604800 సెకన్లు రాసుకున్నవాళ్ళకి సరిగ్గా వారం తర్వాత సెకండరీ ఆ జోన్‌కి సర్వ్‌ఫెయిల్ అంటుంది. వారం కిందటి పని ఇప్పుడెవరికి గుర్తుంటుంది?

మందు 1982 నంబరు ఆర్‌ఎఫ్‌సీలో ఉంది. సీరియల్ 32 బిట్ల సంఖ్య, గడియారం ముల్లులా చుట్టూ తిరిగొస్తుంది. ఉన్నదానికి 2147483647 కలిపితే 4171534848 వస్తుంది. అది పెద్దదే కాబట్టి సెకండరీలన్నీ తీసుకుంటాయి. అన్నీ తీసుకున్నాయని డిగ్‌తో ఒక్కొక్కదాన్నీ అడిగి నిర్ధారించుకున్నాక 1715500000 పెట్టండి. చుట్టు తిరిగింది కాబట్టి ఈసారి అదే పెద్దది. రచయిత్రి ఈ కూడికని పూర్తిగా వేసి చూపించింది. ప్యానెల్స్ మీద మాత్రం ఆమె కాస్త కఠినంగా రాసిందనిపించింది. వంద జోన్లున్న చోట చేతిరాతే మేలంటే నేనొప్పుకోను. చివర చుక్క పెట్టడం మర్చిపోవడంతో డొమైన్ పేరు రెండుసార్లు అతుక్కున్న జోన్ ఫైళ్ళు నా తరం ఎన్ని రాసిందో నాకు తెలుసు. ప్యానెల్‌కి మారాక చేత్తో ఫైలు ముట్టుకోవద్దు, రేపు ప్యానెల్ తన డేటాబేస్ నుంచి ఫైలు తిరిగి రాసినప్పుడు మీ సవరణ తుడిచిపెట్టుకుపోతుంది అన్న ఆమె హెచ్చరికకి మాత్రం నా సంతకం కూడా వేసుకోవచ్చు.

డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలున్న జోన్ల అధ్యాయం కష్టమైనది, నెమ్మదిగా చదవండి. పాత ‘ఆటో-డీఎన్‌ఎస్‌సెక్’ని 2024లో వచ్చిన 9.20లో పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో 2020 నాటి 9.16 నుంచి ఉన్నది ‘డీఎన్‌ఎస్‌సెక్-పాలసీ’. దాని పక్కన ‘డిఫాల్ట్’ అని రాస్తే పనైపోతుందనిపిస్తుంది. ఆ డిఫాల్టు 13వ నంబరు అల్గారిథంతో ఒకే కీ పెట్టుకుంటుంది. మన పాత జోన్‌లో ఆర్‌ఎస్‌ఏ కీలు రెండుంటే అవి పాలసీకి సరిపోవు గనక కొత్త కీ పుట్టించి పాతవాటిని సాగనంపే పని మొదలవుతుంది. పేరెంట్ జోన్‌లోని డీఎస్ రికార్డు ఇంకా పాత కీనే చూపిస్తుంటే వాలిడేషన్ చేసే రిజాల్వర్ల వెనకున్నవాళ్ళకి సైటు మాయమయ్యే ప్రమాదం ఉంది. చేయని రిజాల్వర్ల వెనకున్నవాళ్ళకి అన్నీ మామూలే. మాకు బాగానే వస్తోందే అనే మాట మళ్ళీ ఇక్కడ వినబడుతుంది. ముందు ఇప్పుడున్న కీల అల్గారిథం, సైజు యథాతథంగా వర్ణించే సొంత పాలసీ రాసుకోండి, దానితో కొన్నాళ్ళు నడపండి, తర్వాతే కీ మార్పు గురించి ఆలోచించండి అన్నది ఇక్కడి సలహా. సరైన సలహా.

తెలుగు పుస్తకం కాబట్టి ఒక్క తెలుగు సంగతి. మన లిపిలో ‘.భారత్’ డొమైన్ ఉందని చాలామందికి తెలుసు. జోన్ ఫైల్లో ఆ పేర్లు తెలుగక్షరాల్లో ఉండవు, ఎక్స్ఎన్ అని మొదలయ్యే రోమన్ రూపంలో ఉంటాయి. ఐడీఎన్ మద్దతుతో కట్టిన కొత్త డిగ్‌కి టెర్మినల్లో తెలుగులో పేరు కొడితే తానే మార్చుకుని అడుగుతుంది. అదే ఆదేశాన్ని స్క్రిప్టులో పెట్టి ఫలితాన్ని ఫైల్లోకి మళ్ళిస్తే ఆ మార్పిడి జరగదు, ఎందుకంటే అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్ళేటప్పుడే చేయాలన్నది డిఫాల్టు. చేత్తో కొడితే వస్తుంది, క్రాన్‌లో పెడితే రాదు. తెలుగు పేర్లతో సైట్లు నడిపేవాళ్ళు తప్ప ఇంకెవరూ గమనించని చిక్కు ఇది. ఇంగ్లీషు పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు, ఇందులో కనబడింది.

భాష గురించి రెండు మాటలు. సర్వర్‌కి, క్యాషేకి, జోన్‌కి పదకోశాలు వెతికి కొత్త మాటలు పుట్టించే జోలికి పోలేదు. ఆఫీసులో పక్క సీటువాడితో ఎలా మాట్లాడతామో అలాగే రాసింది. పాలిటెక్నిక్ నుంచి తెలుగు మీడియంలో వచ్చిన పిల్లలు మాన్యువల్ ముందు బెదిరి, ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి అతికించుకుంటారు. అతికించిన లైన్ ఎప్పుడు ఎవరు ఎందుకు రాశారో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. ఈ పుస్తకంలో ప్రతి ఆప్షన్ పక్కనా అది ఏ వెర్షన్లో పుట్టింది, ఏ వెర్షన్లో మారింది, ఏ వెర్షన్లో పోయింది అన్న చిన్న జాతకం ఉంది. ఎంత ఓపిక కావాలో ఊహించగలను. చిరంజీవికి నా ఆశీస్సులు.

ఒక్క చోట మాత్రం నాకు తృప్తి కలగలేదు. వెనక్కి రావడం, అంటే రోల్‌బ్యాక్, గురించి ఆమె రాసింది తక్కువ. డైనమిక్ అప్‌డేట్లు తీసుకునే జోన్లకి జర్నల్ ఫైళ్ళుంటాయి. 9.16 తరం మధ్యలో ఆ ఫైళ్ళ రూపం మారింది. 9.16.11 దాకా ఒక రూపం, 9.16.13 నుంచి ఇంకొకటి. మధ్యలోని 9.16.12 జర్నల్ రాయడంలో లోపంతో వచ్చింది కాబట్టి లెక్కలోకి రాదు. కొత్త వెర్షన్ ఒక గంట నడిచాక మనసు మార్చుకుని పాతదాన్ని లేపితే కొత్త జర్నల్‌ని అది చదవలేదు. నేమ్‌డ్-జర్నల్‌ప్రింట్‌కి చిన్న డీ ఆప్షన్ ఇచ్చి వెనకటి రూపంలోకి దించవచ్చు. ఇది రెండో కూర్పులో విపులంగా రాయమన్నాను, రాస్తానంది. ఈలోగా ఆ అధ్యాయం మార్జిన్‌లో పెన్నుతో రాసి పెట్టుకోండి: ముందుకెళ్ళేముందు ఒకసారి, వెనక్కి రావాల్సొస్తే కొత్త వెర్షన్ని ఆపేముందు మరోసారి, ఆర్ఎన్‌డీసీ సింక్ మైనస్ క్లీన్ కొట్టాలి. జర్నల్లో ఉన్నదంతా జోన్ ఫైల్లోకి చేరుతుంది, జర్నల్ తొలగిపోతుంది. ఆ ఫైళ్ళ కాపీ ఇంకో మిషన్ మీద పెట్టుకున్నాకే సర్వీసు ఆపండి.